ఎండా, ముద్దా ఉన్నా గుల్లబారే ఎముక

ధర్మపురి జిల్లా పెన్నాగరం తాలూకాలో, మేట్టూరు జలాశయం వెనక నీళ్ళకు దగ్గరలో ఉంటుంది ఏరియూరు. మెట్ట సేద్యం. రాగి, వేరుశనగ, కర్రపెండలం. పొద్దంతా చేలల్లో కనపడేది ఎక్కువగా ఆడవాళ్ళే. వీళ్ళ గురించి చదువుకున్నవాళ్ళ నోట, ఒక్కోసారి డాక్టర్ల నోట కూడా, ఒక మాట తరచూ వినపడుతుంది. "వీళ్ళకేం? ఎండలో తిరుగుతారు, ఒళ్ళొంచి పని చేస్తారు, రాగి ముద్ద తింటారు. ఎముకలు గుల్లబారడం, ముట్లుడిగాక వచ్చే తిప్పలు, ఇవన్నీ నీడపట్టున కూర్చునే పట్నం వాళ్ళ జబ్బులు."

వినడానికి ఇది మెచ్చుకోలులా ఉంటుంది. జరిగేది మాత్రం నిర్లక్ష్యం. నలభై ఆరో ఏట నడుం పట్టుకుని ఆసుపత్రికి వచ్చిన మనిషిని "ముట్లు వస్తున్నాయా, ఆగిపోయాయా?" అని అడక్కుండానే నొప్పి మాత్రలిచ్చి పంపేయడం వెనక ఈ నమ్మకమే ఉంది. ఎప్పుడో తప్ప ఎవరూ దీన్ని పరీక్షకు పెట్టలేదు. పెట్టినప్పుడల్లా అది తప్పని తేలింది.

తెలుగు నేల మీదే ఆ పరీక్ష జరిగింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ వీణా శత్రుఘ్న బృందం 30 నుంచి 60 ఏళ్ళ మధ్య వయసున్న 289 మంది పేద స్త్రీల ఎముకల సాంద్రతను డెక్సా యంత్రం మీద కొలిచి, 2005లో ఫలితాలు ప్రచురించింది. కాయకష్టం ఎరగని ఆడవాళ్ళు కారు వాళ్ళు. తుంటి దగ్గర, తొడ ఎముక మెడ భాగంలో నూటికి 29 మందికి ఎముకలు పూర్తిగా గుల్లబారి ఉన్నాయి. మరో 52 మందికి సాంద్రత తగ్గిపోయి ఉంది. అంటే అక్కడ సరైన ఎముక ఉన్నవాళ్ళు అయిదుగురిలో ఒక్కరు. తగ్గుదల 35 ఏళ్ళు దాటగానే మొదలైంది. రోజుకు వాళ్ళ తిండిలో అందుతున్న కాల్షియం సగటున 270 మిల్లీగ్రాములు. ముట్లుడిగిన స్త్రీకి 1200 మిల్లీగ్రాములు కావాలని 2020లో అదే సంస్థ లెక్క కట్టింది. కావలసినదాంట్లో నాలుగో వంతు కూడా లోపలికి పోవడం లేదన్నమాట. పేదరికం ఎముకకు రక్షణ అనేవాళ్ళు ఈ ఒక్క అధ్యయనం చదివినా ఆ మాట మళ్ళీ అనలేరు.

ఇక ఎండ సంగతి. తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ హరినారాయణ్ బృందం చుట్టుపక్కల పల్లెల్లో, పట్నంలో ఉండేవాళ్ళ రక్తంలో డి విటమిన్ కొలిచింది. ఆ ఫలితాలు 2007లో వెలువడ్డాయి. పల్లె ఆడవాళ్ళలో నూటికి 70 మందికి డి విటమిన్ లోపం. సరిపడా ఉన్నది నూటికి ఒక్కరికి. చేలో పని చేసే ఊళ్ళ మాట ఇది, అదీ ఏడాదికి పది నెలలు ఎండ కాసే రాయలసీమలో! ఎందుకిలా అంటే, నల్లటి చర్మం ఎండను నెమ్మదిగా వాడుకుంటుంది. చీర, పైన తలగుడ్డ, పొడుగు చేతుల చొక్కా (చేలో కోతల వేళ ఆడవాళ్ళు రవిక మీద మగవాళ్ళ పాత చొక్కా తొడుక్కోవడం ధర్మపురిలోనూ, చిత్తూరులోనూ చూస్తూనే ఉంటాం) ఒంటిని చాలావరకు కప్పేస్తాయి. వీటికి తోడు మరో కారణం కంచంలో ఉంది. కాల్షియం తక్కువగా, దాన్ని పట్టి ఉంచే ఫైటేట్లు ఎక్కువగా ఉండే తిండి తింటే శరీరం తన దగ్గరున్న డి విటమిన్‌ను కూడా తొందరగా ఖర్చు పెట్టేస్తుంది. ఎండ ఇచ్చినదాన్ని కంచం లాగేసుకుంటుంది.

రాగి మాటా చెప్పాలి. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న మాట నిజం. ఏ ధాన్యమూ దానికి సాటి రాదు. కానీ ఇవాళ ఏరియూరు వైపు ఎన్ని ఇళ్ళల్లో రోజూ ముద్ద దిగుతోంది? తమిళనాడులో 2011 నుంచీ రేషన్ బియ్యం ఉచితం. పండించిన రాగి సంతకు పోయి, ఇంట్లో తెల్లన్నం ఉడుకుతుంది. ఆ అన్నంలో ఉండే కాల్షియం వందకు పది మిల్లీగ్రాముల లోపు. ఈ సంగతి గమనించే 2023లో తమిళనాడు ప్రభుత్వం నీలగిరులతో పాటు ధర్మపురి జిల్లాలో కార్డుకు రెండు కిలోల బియ్యం బదులు రెండు కిలోల రాగులు ఇవ్వడం మొదలుపెట్టింది. మంచి పనే. అయితే నెలకు రెండు కిలోలంటే ఇంటిల్లిపాదికీ కలిపి రోజుకు అరవై ఏడు గ్రాములు. నలుగురున్న ఇంట్లో మనిషికి పదిహేడు గ్రాములు కూడా రావు. పైగా ముద్ద ముందు ఎవరి కంచంలో పడుతుందో, అడుగూ బొడుగూ ఎవరికి మిగులుతుందో మనకు తెలియంది కాదు. రాగుల్ని నానబెట్టి మొలకెత్తించి పిండి పట్టిస్తే ఫైటేట్లు తగ్గి, ఉన్న కాల్షియం ఒంటికి పడుతుంది. అంబలికి పిండి పులియబెట్టినా అంతే.

పని దగ్గరికి వద్దాం. ఎముక బరువుకు స్పందిస్తుందన్నది నిజమే. ఎలాంటి బరువుకు? కాసేపే అయినా గట్టిగా, ఉన్నట్టుండి పడే బరువుకు. వేరుశనగ చేలో కలుపు తీసే మనిషిని చూడండి. గొంతుక్కూర్చుని, పాదాలు నేలకానించి, కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతూ గంటల తరబడి అదే భంగిమ. లేచేటప్పుడు ఒక చెయ్యి నేల మీద, ఒక చెయ్యి మోకాలి మీద. మోకాలి కీలు అరుగుతుంది, నడుం పట్టేస్తుంది. తుంటి ఎముకను గట్టిపరిచే బరువు మాత్రం దాని మీద పడదు. తిన్నదానికి మించి ఖర్చు పెట్టే శరీరం సన్నబడుతుంది. సన్నటి ఒంట్లో ఎముక సాంద్రత తక్కువగా ఉంటుందన్నది అన్ని దేశాల్లోనూ నిలిచిన సత్యం. రోజంతా అలిసిపోవడాన్ని వ్యాయామంగా లెక్కగట్టడం మనం ఈ ఆడవాళ్ళకు చేస్తున్న పెద్ద అన్యాయం.

ఇప్పుడు అసలు సంగతి. "వయసు మీద పడుతోంది, నొప్పులు రావా?" అని సరిపెట్టుకునేవాళ్ళు అనుకున్నట్టు ఈ నష్టంలో పెద్ద భాగం ఏళ్ళ తరబడి నెమ్మదిగా సాగేది కాదు. అది ఎప్పుడు ఊపందుకుంటుందో చెప్పొచ్చు. మన ఎముకలో పాత భాగాన్ని తవ్వే కణాలు, కొత్త భాగాన్ని నింపే కణాలు నిత్యం పని చేస్తూనే ఉంటాయి, పాత మట్టిగోడను చెక్కి మళ్ళీ మెత్తినట్టు. తవ్వే కణాలకు కళ్ళెం వేసేది ఈస్ట్రోజెన్ అనే హార్మోన్. ముట్లుడిగే కాలంలో అది పడిపోతే తవ్వకం పెరిగిపోతుంది, నింపడం వెనకబడుతుంది. అమెరికాలో 1996 నుంచి వేలమంది స్త్రీలను ఏటేటా కొలుస్తూ వచ్చిన స్వాన్ అనే పెద్ద అధ్యయనం ఈ కాలాన్ని స్పష్టంగా చూపించింది. చివరి ముట్టుకు ఏడాది ముందు ఎముక నష్టం ఊపందుకుంటుంది, ఆ తర్వాత రెండేళ్ళదాకా అదే జోరు. పదేళ్ళలో వెన్నుపూసల సాంద్రత నూటికి పదిన్నర పాళ్ళు తగ్గితే, అందులో ఏడుకు పైగా పాళ్ళు ఈ మూడేళ్ళలోనే పోయాయి. తుంటి దగ్గర పోయిన తొమ్మిది పాళ్ళలో ఆరు దాకా ఆ మూడేళ్ళలో పోయినవే.

అక్కడి స్త్రీలకు ముట్లుడిగేది సగటున 51వ ఏట. మన దేశంలో 46, 47లకే. పైగా హైదరాబాదు లెక్క చూశాం కదా, మనవాళ్ళు ఆ మూడేళ్ళలోకి అడుగుపెట్టేదే తక్కువ ఎముకతో. అందరికీ పోయే ఆ ఏడు పాళ్ళు ముందే కొరత ఉన్నవాళ్ళకు పోతే ఏమవుతుంది? యాభై అయిదో ఏట కాలు జారి చెయ్యి ఆనించిన పాపానికి మణికట్టు విరుగుతుంది. ఊళ్ళో కట్టు కట్టించుకుని, నయమైందనుకుని ఊరుకుంటారు. నిజానికి అది తొలి హెచ్చరిక. తర్వాత వెన్నుపూస ఒకటి చడీచప్పుడూ లేకుండా కుంగుతుంది. వెన్నుపూస విరుపుల్లో చాలావాటికి మనిషి డాక్టరు దగ్గరికే పోదు, నడుంనొప్పి అనుకుని పని చేసుకుంటూనే ఉంటుంది. చివరికి తుంటి. తుంటి విరిగిన అయిదుగురు ముసలివాళ్ళలో ఇంచుమించు ఒకరు ఏడాది తిరక్కుండానే పోతారన్నది వైద్యసౌకర్యాలు బాగా ఉన్న దేశాల లెక్క.

"మా అవ్వలు ఏ మందూ మాకూ లేకుండా బతకలేదా?" అనేవాళ్ళు ఆ అవ్వల ఫోటోలు ఒకసారి తీసి చూడాలి. చేతికర్ర మీద సగానికి వంగిన నడుం. దాన్ని ముసలితనం అన్నాం. అది చాలాసార్లు ఒకదాని మీద ఒకటి కుంగిన వెన్నుపూసలు. ఆమె ఆ నొప్పితోనే పదేళ్ళు కట్టెలు మోసింది, నీళ్ళు మోసింది, మనవల్ని మోసింది. దాన్ని ఆరోగ్యానికి సాక్ష్యంగా చూపడం ఆమెకు గౌరవం కాదు.

ముట్లుడిగే కాలం ఎముకనొక్కదాన్నే తాకి ఊరుకోదు. స్వాన్ పరిశోధకులు 2019లో శరీరంలో కొవ్వు, కండ లెక్కలు కూడా బయటపెట్టారు. చివరి ముట్టుకు దాదాపు రెండేళ్ళ ముందు నుంచి కొవ్వు చేరే వేగం రెట్టింపవుతుంది. అదే సమయంలో కండ కరగడం మొదలవుతుంది. ఇంత జరుగుతున్నా బరువు పెరిగే తీరు మాత్రం మారదు, అంతకుముందు ఏడాదికి ఎంతో అంతే. అందుకే తూకం యంత్రం ఏమీ చెప్పదు. రవికలు కుట్టే దర్జీ ముందు కనిపెడుతుంది. "ఏమక్కా, చేతులు వదులయ్యాయి, నడుం దగ్గరేమో కుట్టు విప్పాలి" అంటుంది. లంగా బొందు ముడికి చాలదు. మోచేతి పైన కండ జారిపోయి ఉంటుంది. బిందె ఎత్తేటప్పుడు నడుంకన్నా ముందు చేతులు వణుకుతాయి. బరువు చూసి "అలాగే ఉన్నావు, ఏమీ కాలేదు" అని చెప్పే వైద్యుడికి ఈ మార్పు పట్టుబడదు. కండ తగ్గినవాళ్ళు తూలిపడతారు, ఎముక తగ్గినవాళ్ళు పడితే విరుగుతారు. ఆ రెండూ ఒకే మనిషికి ఒకే మూడు నాలుగేళ్ళలో జరుగుతున్నాయి. నడుం చుట్టూ చేరిన కొవ్వు షుగరుకూ, గుండెజబ్బుకూ దారి వేస్తుంది. "సన్నగానే ఉంది కదా, షుగరెందుకొస్తుంది?" అన్నమాట కూడా ఇక్కడే వీగిపోతుంది.

ధర్మపురిలో మరో అడ్డుగోడ ఉంది. ఇక్కడ ఏ నొప్పి వచ్చినా "నీళ్ళు" అంటారు. ఆ మాటకు ఆధారం లేకపోలేదు. ఈ జిల్లా భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. దాని కోసమే హొగెనక్కల్ నుంచి కావేరి నీళ్ళు తెచ్చే పథకం జపాన్ రుణంతో కట్టి 2013లో ప్రారంభించారు. ఫ్లోరైడ్ ఎముకల్ని పాడుచేస్తుందన్న సంగతి వైద్యలోకానికి మన దేశం నుంచి తెలిసింది కూడా తెలుగు ఊళ్ళ వల్లే. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, మన్నాడి నాయర్ మద్రాసు ప్రెసిడెన్సీలోని అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో కొయ్యబారిన వెన్నులను చూసి రాశారు. ఆ బాధ అబద్ధమని నేననను. నా అభ్యంతరం వేరు. నీళ్ళ మీదికి అంతా తోసేస్తే, కొళాయి మారిన ఊళ్ళో కూడా నలభై ఏడేళ్ళ ఆడమనిషి నొప్పి నలభై ఏడేళ్ళ మగాడి నొప్పికన్నా ఎందుకు వేరుగా సాగుతుందో ఎవరూ అడగరు. ఇద్దరూ ఒకే బోరు నీళ్ళు తాగారు. ఈస్ట్రోజెన్ పోయింది ఆమెకే.

ఇంకో చిక్కుంది. ఫ్లోరైడ్ చేరిన ఎముక డెక్సా యంత్రానికి మామూలుకన్నా చిక్కగా కనిపిస్తుంది. ఆ చిక్కదనం బలం కాదని అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు అనుకోకుండా రుజువు చేశారు. ముట్లుడిగి ఎముకలు గుల్లబారిన 202 మందిని తీసుకుని, కొందరికి నాలుగేళ్ళు సోడియం ఫ్లోరైడ్ మందుగా ఇచ్చి 1990లో ఫలితం ప్రకటించారు. వెన్నుపూసల సాంద్రత నూటికి 35 పాళ్ళు పెరిగింది. వెన్ను కాకుండా మిగతాచోట్ల విరుపులు, మందు తీసుకోనివాళ్ళకన్నా మూడు రెట్లయ్యాయి. కాబట్టి ధర్మపురి ఆడమనిషి స్కాన్ కాగితం మీద "బాగుంది" అని వస్తే దాన్ని హైదరాబాదు మనిషి కాగితంలా చదవకూడదు. ఆమె తాగిన నీళ్ళెక్కడివి, పళ్ళ మీద మరకలున్నాయా, ఎత్తు తగ్గిందా, ఎప్పుడైనా చెయ్యి విరిగిందా అని అడిగి చదవాలి.

సరిహద్దు ఇవతల మన రెండు రాష్ట్రాల్లో, ముట్లుడిగితే వీళ్ళకేమీ కాదన్న ఇదే తప్పుడు నమ్మకం కత్తి పట్టింది. "పిల్లలు పుట్టేశారు, ఇంకెందుకు ఆ సంచి, తీయించేస్తే పీడా పోతుంది" అన్న మాట కోస్తాలో, తెలంగాణలో ఏ ఊరికి పోయినా వినపడుతుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశమంతా కలిపితే నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది మంది. దేశంలో అందరికన్నా ముందున్నది మనమే. ఈ ఆపరేషన్ జరిగే వయసు చాలామందికి 35 లోపే, ఎక్కువ భాగం ప్రైవేటు ఆసుపత్రుల్లోనే. లైఫ్-హెచ్‌ఆర్‌జీ సంస్థ తరఫున డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ ప్రకాశ్ వింజమూరి 2009లోనే దీని మీద నివేదిక రాసి హెచ్చరించారు. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలను రాష్ట్రాలు అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది.

సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే నలభై ఆరులో రావలసిన ఆ మూడేళ్ళు ముప్ఫై నాలుగులోనే, అదీ ఒక్క రోజులో మొదలవుతాయి. అండాశయాలు ఉంచినా అవి ముందుగానే పని మానే అవకాశం పెరుగుతుంది. ఏమి తీశారో చాలామందికి తెలియను కూడా తెలియదు, కాగితం ఎక్కడో పోయి ఉంటుంది. ఆపరేషన్ చేసిన చోట "మీ ఎముకలు జాగ్రత్త, ఈస్ట్రోజెన్ కొన్నేళ్ళు వాడాల్సి రావచ్చు" అని చెప్పి పంపకపోవడాన్ని వైద్యంలో సగం ఎగ్గొట్టడమనే అంటాను.

ఇక్కడ ఒక వాదన వస్తుంది. "ముట్లుడగడం సహజం, దాన్ని జబ్బుగా చూపించి మందులు అమ్ముకుంటున్నారు" అని. స్త్రీవాదుల్లో కొందరు గట్టిగా చెప్పే మాట, నేను తేలిగ్గా తీసిపారేయను. విదేశాల్లో ఈస్ట్రోజెన్‌ను నిత్యయవ్వనపు మందుగా అమ్మిన కాలం నిజంగానే ఉంది. 2002లో విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అధ్యయనం మధ్యలో ఆగిపోయి, ప్రొజెస్టిన్‌తో కలిపి ఇచ్చిన ఆ మందుకు రొమ్ము క్యాన్సర్, గుండెజబ్బు ముప్పు ఉందని చెప్పాక ప్రపంచమంతా బెదిరిపోయింది. కానీ అదే అధ్యయనం తుంటి విరుపులు మూడో వంతు తగ్గాయనీ చెప్పింది. అందులో పాల్గొన్నవాళ్ళ సగటు వయసు 63. ముప్ఫై ఆరేళ్ళకే ముట్లుడిగిన మనిషికి ఆ లెక్క వర్తించదు. రొమ్ము క్యాన్సర్, రక్తం గడ్డకట్టే జబ్బు లాంటివి లేకపోతే ఆమెకు సహజంగా ముట్లుడిగే వయసు వచ్చేదాకా హార్మోన్ ఇవ్వాలన్నదే ఇవాళ వైద్యసంఘాల మాట. కాన్పు కూడా సహజమే, అలాగని మంత్రసాని అక్కర్లేదని ఎవరూ అనలేదు. కంపెనీలు అతి చేశాయన్న కోపంతో కూలి ఆడవాళ్ళకు అసలే ఏమీ అందకుండా చేయడం ఏం న్యాయం? పట్నంలో డబ్బున్నామె ఏటా స్కాన్ తీయించుకుంటుంది. సహజం అన్న మాట చివరికి పేదామెకే మిగులుతోంది.

మందులకు ముందు చేయగలిగినవి బోలెడున్నాయి. గుడ్డు, పప్పు, పెరుగు ఆమె కంచంలో పడాలి, కండ నిలవాలంటే మాంసకృత్తులు కావాలి. మేట్టూరు నీళ్ళలో పట్టే చిన్న చేపలు ముళ్ళతో సహా తినేవైతే వాటంత చవక కాల్షియం లేదు. చేరెడు కాల్షియం మాత్రలు మింగమని కాదు, తిండి చాలనిచోటే మాత్ర. ఇక బరువులు. ముట్లుడిగినవాళ్ళు బరువెత్తకూడదన్నది మరో పాత భయం. ఆస్ట్రేలియాలో ఎముకలు బలహీనపడిన 101 మంది స్త్రీల మీద 2018లో వెలువడిన లిఫ్ట్‌మోర్ అధ్యయనంలో, వారానికి రెండుసార్లు అరగంట చొప్పున, పక్కన శిక్షకులుండగా నిజంగా బరువైన బరువులే ఎత్తించారు. ఎనిమిది నెలల్లో వాళ్ళ వెన్ను సాంద్రత పెరిగింది, తేలిక వ్యాయామం చేసినవాళ్ళది తగ్గింది. సరిగా వంగి, సరిగా ఎత్తడం నేర్పాలి. కలుపు తీసే కూలీకి ఇంకా వ్యాయామమా అని నవ్వేవాళ్ళు కాసేపాగి ఆలోచించాలి. ఆమె ఒంటికి కావలసింది పన్నెండు గంటల అలసట కాదు, అరగంట సరైన బరువు, ఆ తర్వాత కడుపునిండా తిండి, కాస్త విశ్రాంతి.

"పల్లెటూళ్ళో ఇవన్నీ ఎవరు చూస్తారు, డెక్సాలకు డబ్బెక్కడిది?" అనే అధికారులకు జవాబు వాళ్ళ దగ్గరే ఉంది. 2021 ఆగస్టు 5న తమిళనాడు ప్రభుత్వం పక్క జిల్లా కృష్ణగిరిలోని సామనపల్లిలో "మక్కళై తేడి మరుత్తువం" (జనాన్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం) పథకం మొదలుపెట్టింది. బీపీ, షుగరు మందులు గడప దగ్గరికే వస్తాయి, ఫిజియోథెరపిస్టులు ఇంటికే వస్తారు. ఆ వచ్చే అమ్మాయి చేతిలో ఒక కొలత టేపు పెట్టండి, నాలుగు ప్రశ్నలు పెట్టండి. చివరి ముట్టు ఏ వయసులో వచ్చింది? గర్భసంచి తీశారా, అండాశయాలు కూడా తీశారా? పెద్దయ్యాక చెయ్యి గానీ నడుం గానీ విరిగిందా? పెళ్ళినాటికన్నా ఎత్తు తగ్గినట్టుందా? ఇంట్లో తెలుగు మాట్లాడే ఆమెను తెలుగులోనే అడగాలి, ఈ సంగతులు పరాయి భాషలో, మగవాళ్ళ ముందు ఎవరూ చెప్పరు. ఏరియూరు గడపల్లో "ముప్ఫై అయిదుకే తీసేశారమ్మా" అని చెప్పిన ప్రతి మనిషినీ ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి మొదటి వరసలో పంపించాలి, బస్సు చార్జీ ఇచ్చి, ఆ రోజు పోయిన కూలి కూడా కట్టించి.